చీలిన చెట్టు: అపోహలు, వాస్తవాలు

ఏప్రిల్, మే నెలల్లో బెంగళూరులో సాయంత్రం గాలివాన పట్టిందంటే నా ఫోను మోగుతూనే ఉంటుంది. "చెట్టు చీలిందండీ, కొట్టించేయమంటారా?" చెట్లు చూసే తెలుగువాడు ఒకడున్నాడని మన అపార్ట్‌మెంట్ సెక్రటరీలు నా నంబరు ఒకరికొకరు ఇచ్చుకున్నారు. అందరిదీ దాదాపు ఒకటే భయం.

అపోహ: తొర్ర పడితే చెట్టు పని అయిపోయినట్టే.

మాను నడుమ ఉండే చేవలో జీవకణాలు ఉండవు. నీళ్ళు, ఆహారం నడిచేది చేవ చుట్టూ ఉండే పొరల్లో. కాబట్టి లోపల బోలైనా చెట్టు బతుకుతుంది, గొట్టంలా నిలబడుతుంది కూడా. చూడాల్సింది చుట్టూ గట్టి కలప ఎంత మిగిలిందన్నది. వ్యాసార్ధంలో సుమారు మూడో వంతు మందం ఉంటే నాకు కొంత ధైర్యం: 90 సెంటీమీటర్ల వ్యాసమున్న మానుకు 15 సెంటీమీటర్లన్నమాట. తొర్ర ఒక పక్కకు నోరు తెరిచి ఉంటే ఈ లెక్క పనికిరాదు. మొదట చెక్క సుత్తితో చుట్టూ కొట్టి చూస్తాను. కుమ్మరి దగ్గర కుండ కొనేటప్పుడు మీరు చేసేదే.

అపోహ: ఆకు పచ్చగా ఉంటే భయం లేదు.

నాకు అసలు భయం ఇక్కడే. జయనగర్‌లో ఒక ఎర్రతురాయి నిండు పూత మీద ఉండగానే పడిపోయింది. అంతకు ముందు కేబుల్ కోసం కాలవ తవ్వి ఒక పక్క వేర్లన్నీ నరికేశారు. ఆకులు ఆ సంగతి చెప్పవు, మొదలు చెబుతుంది. చెట్టు కొత్తగా ఒరిగి, వెనక నేల పగిలి పైకి లేచిందా? అక్కడ నేను వాదన పెట్టుకోను. జనాన్ని దూరం జరిపి, తీసేయమంటాను. చెట్టు మొదలు దగ్గర గట్టి పుట్టగొడుగులు పళ్ళేల్లా పుట్టుకొస్తే లోపలి కుళ్ళు ఎంతవరకు పాకిందో చూసి తేలుస్తాను.

అపోహ: తల నరికేస్తే బరువు తగ్గి నిలబడుతుంది.

మోడు చేసిన చోట కుళ్ళు దిగుతుంది. పక్కనుంచి గుబురుగా లేచే చిగుళ్ళు పైపొరకు అంటించినట్టుంటాయి. నాలుగేళ్ళు పోతే అవే బరువెక్కి ఊడిపడతాయి. చివళ్ళ బరువు తగ్గించాలంటే కొమ్మను దాని పక్క కొమ్మ దాకా కోయాలి, ఒకేసారి పావు వంతు ఆకు మించకుండా. కొమ్మ మానుని కలిసేచోట ఉబ్బెత్తును ముట్టుకోకూడదు. కోతకు తారు, పెయింటు పూసినా కుళ్ళు ఆగదు. చెట్టు గాయాన్ని మాన్పుకోదు, చుట్టూ గోడ కట్టుకుంటుంది. ఈ తీరును అమెరికన్ వృక్ష శాస్త్రజ్ఞుడు అలెక్స్ షైగో 1977లోనే వివరించాడు.

అపోహ: ఇనుప తీగ చుట్టి బిగిస్తే చాలు.

అది ఉరి. మాను లావెక్కేకొద్దీ తీగ బెరడులోకి దిగిపోతుంది. పంగ చీలితే చీలికకు అడ్డంగా రాడ్డు దూర్చి బిగిస్తాం. పైన, పంగ నుంచి కొసకు మూడింట రెండు వంతుల ఎత్తులో, కేబుల్ కడతాం. ఏటా చూపించుకుంటామని ఒప్పుకుంటేనే ఈ పని చేస్తాను.

కొట్టేయాల్సి వస్తే, చెట్టు మన స్థలంలోనే ఉన్నా చాలా జాతులకు 1976 నాటి కర్ణాటక చెట్ల సంరక్షణ చట్టం కింద ట్రీ ఆఫీసర్ (చెట్ల అధికారి) అనుమతి కావాలి.

ఏం చేసేముందైనా కింద ఏముందో చూస్తాను. మల్లేశ్వరంలో తొర్ర పడ్డ నిద్రగన్నేరు కోసం నాలుగు పార్కింగ్ గడులు తీసేయించి పూలకుండీలు పెట్టించాను. చెట్టు ఉంది. ఆ నాలుగు కార్లవాళ్ళకే నా మీద ఇంకా కోపం.