ఏ కాలంలో ఏ వేళ నడవాలి?

నడక మంచిదనగానే ‘తెల్లవారుజామునే నడవండి’ అంటారు. వేసవిలో అది నూటికి నూరుపాళ్లు నిజం. చలికాలంలో, అందులోనూ వాహనాల పొగ ఎక్కువున్న చోట, ఊపిరితిత్తులకు అంతకంటే చెడ్డ వేళ దొరకడం కష్టం. వేళను కాలాన్ని బట్టి మార్చుకోవాల్సిందే.

నడిచేటప్పుడు కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు పావువంతే పనికి వస్తుంది. మిగిలిందంతా వేడే. ఆ వేడిని వదిలించుకుని ఒంటిని 37 డిగ్రీల దగ్గర ఉంచడానికి చెమట పోస్తుంది. కానీ కారిపోయే చెమటతో ప్రయోజనం లేదు, ఆరే చెమటే ఒంటిని చల్లబరుస్తుంది. లీటరు చెమట పూర్తిగా ఆరితే సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. గాలిలో తేమ నిండుగా ఉంటే చెమట ఆరదు. అందుకే ఉక్కపోత రోజు ఉష్ణోగ్రత కాస్త తక్కువున్నా ఎక్కువ అలసిపోతాం. థర్మామీటరు కొనకు తడిగుడ్డ చుట్టి కొలిచే ఉష్ణోగ్రత ఈ సంగతి సరిగ్గా పట్టిస్తుంది. అది 35 డిగ్రీలకు చేరితే నీడలో కదలకుండా కూర్చున్నా ఒళ్లు చల్లబడదు. నడిచేవారికి ప్రమాదం అంతకు చాలా ముందే మొదలవుతుంది.

తెల్లారేసరికి తేమ శాతం పెరిగినట్టు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. గాలి చల్లబడితే, ఉన్న తేమే ఎక్కువ శాతంగా లెక్కకొస్తుంది. వేసవిలో నడకకు అదే మేలైన వేళ.

ఎండలో రెండు రకాల దెబ్బలున్నాయి, వాటి వేళలు వేరు. అతినీలలోహిత కిరణాలు సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు తీవ్రం. గాలి వేడి మాత్రం ఆ తర్వాత రెండు మూడు గంటలకు గరిష్ఠానికి చేరుతుంది, నేల అప్పటిదాకా వేడెక్కుతూనే ఉంటుంది కాబట్టి. కిరణాల సంగతి మీ నీడే చెబుతుంది: అది మీ ఎత్తు కంటే పొట్టిగా ఉంటే తీవ్రత ఎక్కువని అర్థం. ఇంత సులువైన కొలత ఇంకోటి లేదు. పొగ ఉన్న చోట ఎండకు ఊపిరితిత్తులకు చెరుపు చేసే ఓజోన్ వాయువు కూడా తయారవుతుంది, అది మధ్యాహ్నం దాటాకే ఎక్కువ. వేడి కొత్తగా మొదలైన రోజుల్లో నడక తగ్గించండి. ఒళ్లు అలవాటుపడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది.

ఇక చలికాలం. మబ్బు, గాలి లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలకు ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది, దానిపైన వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. రాత్రంతా వెలువడిన పొగ, ధూళి ఆ మూత కిందే తెల్లారేదాకా ఉండిపోతాయి. నడిచేవారు కూర్చున్నవారికంటే మూడు నాలుగు రెట్ల గాలి పీలుస్తారు. ఎండ పడి నేల వెచ్చబడితే గానీ ఆ మూత తొలగదు. కాబట్టి పొద్దెక్కాక బయల్దేరడమే నయం. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారికి ఇది మరీ అవసరం: చల్లని పొడి గాలికి శ్వాసనాళాలు, రక్తనాళాలు ముడుచుకుంటాయి.

వానాకాలానికి ఒక్కటే కచ్చితమైన నియమం: ఉరుము వినబడితే ఇంట్లోకి వెళ్లాలి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి.

రోజు మొత్తంలో ఒక్క వేళ ఎంచుకోమంటే నేను భోజనం తర్వాతి పది పదిహేను నిమిషాలు అంటాను. నడిచే కండరం, తిన్నాక రక్తంలో పెరిగే గ్లూకోజును ఇన్సులిన్ సాయం లేకుండానే లాక్కోగలదు. బయట గాలి బాగోలేని రోజున ఇంట్లో నడిచినా ఆ పని జరుగుతుంది.