ఆవు మెడలో గంట

పిల్లలూ,

పోయిన శనివారం మా మనవడు నన్ను లైబ్రరీకి లాక్కెళ్ళాడు. న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంటికి దగ్గరే అది. అక్కడ న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ పేటకి చెందిన బ్రూక్లిన్ డాడ్జర్స్ అనే పాత బేస్‌బాల్ టీమ్ మీద డాక్యుమెంటరీ వేశారు. నాకు బేస్‌బాల్ రాదు. బంతి విసురుతారు, కొడతారు, నాలుగు మూలలూ చుట్టి వస్తే ఒక రన్. అంతకుమించి నన్నడగకండి. కానీ తెర మీద వాళ్ళ గ్రౌండ్ ఎబ్బెట్స్ ఫీల్డ్ కనబడగానే ముందు వరసలో ఉన్న నాకంటే పెద్దవాళ్ళు ముక్కులు చీదుకోవడం మొదలుపెట్టారు.

బయటికొచ్చాక వాడడిగాడు: "తాతయ్యా, టీమ్ వేరే ఊరికి వెళ్ళిపోతే, అది ఇంకా పాత ఊరిదేనా?"

నాకు గౌరి గుర్తొచ్చింది. గౌరి మా ఆవు. టీమ్ అంటే ఇంటి ఆవులాంటిది అనుకోండి. న్యూయార్క్‌లోనే యాంకీస్ అని ఇంకో టీమ్ ఉంది, అది ఆసామి గారి దొడ్డి. 1941, 1947, 1949, 1952, 1953, ఇన్నిసార్లు డాడ్జర్స్ ఫైనల్ దాకా వెళ్ళి వాళ్ళ చేతిలోనే ఓడిపోయారు. బ్రూక్లిన్ జనం తమ టీమ్‌ని "పనికిమాలినోళ్ళు" అని ముద్దుగా తిట్టుకునేవాళ్ళు. "వచ్చే ఏడు చూద్దాంలే" అనేవాళ్ళు. మా నాయనమ్మ కూడా అంతే, "దీని దుంప తెగ" అంటూనే గౌరికి కుడితి పెట్టేది.

ఒక్కచోట ఈ ఆవు పోలిక పనికిరాదు, కాసేపు పక్కన కట్టేస్తాను. అరవై ఏళ్ళకు పైగా నల్లవాళ్ళను రానివ్వని పెద్ద లీగుల్లోకి 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ అడుగుపెట్టింది ఈ టీమ్ చొక్కాతోనే. ఎన్ని బూతులు పడ్డాడో. మా ఊరి బావి దగ్గరా అలాంటి వరసే ఉండేది. నేను రోజూ చూసేవాణ్ణి, ఏమీ అనలేదు. మీరలా ఊరుకోకండి.

సరే, 1955 అక్టోబర్ 4న డాడ్జర్స్ యాంకీస్‌నే ఓడించి గెలిచారు. రెండేళ్ళు తిరిగేసరికి, 1957 ఆటలు అయ్యాక, ఓనర్ వాల్టర్ ఓమాలీ టీమ్‌ని లాస్ ఏంజెలెస్‌కి తోలుకుపోయాడు. కొత్త స్టేడియం స్థలం దగ్గర నగరంతో పొసగలేదు. డాడ్జర్స్ అంటే తప్పించుకునేవాళ్ళు. బ్రూక్లిన్ రోడ్ల మీద ట్రాములను తప్పించుకుంటూ నడిచే జనాన్ని బట్టి వచ్చిన పేరది. జనం ఇక్కడే ఉండిపోయారు, పేరు అక్కడికి పోయింది. 1960లో గ్రౌండ్ కూలగొట్టారు. కూలగొట్టే ఇనప గుండుకి బేస్‌బాల్‌లా రంగు వేశారు, చూడండి!

మా అక్క పెళ్ళికి నాన్న గౌరిని అమ్మేశాడు. కొన్నాయనకు ఆవునిచ్చి, పలుపూ గంటా మాత్రం విప్పి ఉంచుకున్నాడు. గంట చాలాకాలం గుంజకు వేలాడింది. ఓసారి నాలుగు మైళ్ళు నడిచి గౌరిని చూడ్డానికి వెళ్ళాను. తలెత్తి చూసి, మళ్ళీ మేతలో పడింది. దారంతా ఏడ్చుకుంటూ వచ్చాను.

అలాంటి గంటే ఆ సినిమాలో తెర మీద కనబడేసరికి నేనూ ముక్కు చీదుకున్నాను. హిల్డా చెస్టర్ అని డాడ్జర్స్ అభిమాని ఒకావిడ ఉండేది. గుండెజబ్బు వచ్చి డాక్టర్ అరవొద్దంటే, మూకుడూ గరిటే తెచ్చి వాయించేదట. తర్వాత ఆవుగంట పట్టింది. ఆటగాళ్ళే ఇచ్చారంటారు. గ్రౌండంతా వినబడేలా మోగించేది.

మా వాడికి జవాబు చెప్పలేకపోయాను. వాడు ఐస్‌క్రీమ్ అడిగాడు, కొనిపెట్టాను.

సంక్రాంతికి మీ ఊళ్ళో కబడ్డీ పెడతారుగా. కాసేపు కోర్టుకి వీపు పెట్టి జనం వైపు తిరిగి చూడండి. ఎవరు ఏం పట్టుకుని మోగిస్తున్నారో నాకు రాయండి.

మీ తాతయ్య