ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి? సరదా ఫొటోగ్రాఫర్ల అపోహలు - వాస్తవాలు

ఉద్యోగాలు చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడు ఫొటోలు తీసేవాళ్లకు ఎడిటింగ్ నేర్పుతుంటాను. మొదటిరోజు దాదాపు అందరూ అడిగేది "ఏ సాఫ్ట్‌వేర్ మంచిదండీ?" అని. నేను వాళ్లను అడిగేది వేరు: "కిందటిసారి ఎన్ని ఫొటోలు తీశారు? వాటిలో ఎన్ని ఉంచుకున్నారు? అవి ఇప్పుడు ఎక్కడున్నాయి?" ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగినవాళ్లకు సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం పెద్ద కష్టం కాదు. చెప్పలేనివాళ్లు ఏది కొన్నా ఆరు నెలల్లో ఇంకోదాని కోసం వెతకడం చూస్తూనే ఉన్నాను. వాళ్ల నోట తరచూ వినే మాటలనే ఇక్కడ తీసుకున్నాను.

అపోహ: ఫొటోషాప్ రాకపోతే ఎడిటింగ్ రానట్టే.

వాస్తవం: 1990లో వచ్చిన ఫొటోషాప్ ఒక్క బొమ్మను ముందు పెట్టుకుని, దాని మీద గంటల తరబడి పని చేసేవాళ్ల పనిముట్టు. రెండు ఫొటోలను కలపాలన్నా, వెనకాల ఉన్న కరెంటు స్తంభాన్ని ఆనవాలు లేకుండా తీసెయ్యాలన్నా అది ఎంతో శక్తిమంతమైనది. కానీ ప్రయాణం నుంచి నాలుగొందల ఫొటోలతో తిరిగొచ్చిన మనిషికి కావలసింది వేరు. ముందు ఏరుకోవాలి. ఒకే వెలుగులో తీసిన ముప్పై ఫొటోలకు ఒకే సవరణ ఒక్కసారిగా వెయ్యాలి. రెండేళ్ల తర్వాత వెతికితే దొరకాలి. ఈ పని కోసం పుట్టినవి వేరే ఉన్నాయి: లైట్‌రూమ్ (2007లో వచ్చింది), క్యాప్చర్ వన్, డార్క్‌టేబుల్ లాంటివి. ఇవి అసలు ఫైల్‌ను ముట్టుకోవు. మీరు చేసిన మార్పులను సూచనలుగా రాసిపెట్టుకుని, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు మాత్రమే వాటిని కొత్త ఫైల్‌కు వర్తింపజేస్తాయి. నా దగ్గరకొచ్చేవాళ్లలో ఎక్కువమంది అవసరాలు ఇక్కడే తీరిపోతాయి. ఫొటోషాప్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి పనిచేసే పొరలు, అంటే లేయర్లు, నిజంగా అవసరమైన రోజున నేర్చుకోవచ్చు.

అపోహ: రా ఫైల్ ఎందులో తెరిచినా ఒకేలా ఉంటుంది.

వాస్తవం: ఇది కొంచెం ఓపిగ్గా అర్థం చేసుకోవలసిన విషయం. రా ఫైల్ అంటే కెమెరా సెన్సర్ కొలిచిన వెలుతురు లెక్కలు. అది ఇంకా ఫొటో కాదు. మామూలు సెన్సర్ మీద ఒక్కో బిందువు ఒక్కో రంగు వెలుతురునే కొలుస్తుంది. సగం బిందువులు ఆకుపచ్చను, పావు వంతు ఎరుపును, పావు వంతు నీలాన్ని. మిగతా రెండు రంగులూ ఎంతెంత ఉండాలో పక్క బిందువులను చూసి సాఫ్ట్‌వేరే లెక్కగట్టాలి. దీన్ని డీమొజాయికింగ్ అంటారు. ఆ తర్వాత ఏ ఎరుపు ఎంత ఎర్రగా కనపడాలి, నీడలు ఎంత చిక్కగా ఉండాలి అన్న నిర్ణయాలూ దానివే. ఫ్యూజిఫిల్మ్ ఎక్స్-ట్రాన్స్ సెన్సర్‌లో బిందువుల అమరికే వేరు కాబట్టి, ఆకులూ గడ్డీ ఉన్న ఫొటోల్లో సాఫ్ట్‌వేర్‌కూ సాఫ్ట్‌వేర్‌కూ తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

డార్క్‌టేబుల్ మొదటిసారి తెరిచినవాళ్లు "నా ఫొటో కెమెరాలో బాగుంది, ఇందులో చప్పగా ఉందేంటి?" అని కంగారు పడతారు. పాడైపోలేదు. కెమెరా వెనక తెరమీద మీరు చూసింది రా ఫైల్ కాదు, కెమెరా తన పద్ధతిలో వండి పెట్టిన జేపెగ్. డార్క్‌టేబుల్ ఆ వంటను అనుకరించకుండా చాలా నిర్ణయాలు మీకు వదిలేస్తుంది. కెమెరా చూపించిన రంగులే మొదట్లో కావాలంటే ఆ కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్ వాడి చూడండి. కెనాన్‌కు డిజిటల్ ఫొటో ప్రొఫెషనల్, నికాన్‌కు ఎన్ఎక్స్ స్టూడియో ఉన్నాయి. రెండూ ఉచితమే. నెమ్మదిగా నడుస్తాయని వీటిని చాలామంది పక్కన పెట్టేస్తారు గానీ, కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు నేను ముందు వీటినే చేతికిస్తాను.

జేపెగ్ మాత్రమే తీసేవాళ్లకు ఈ గొడవ లేదు. అయితే జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ల రా ఫైల్‌లో 16,384. చీకట్లో ఉన్న ముఖాన్ని వెలుగులోకి లాగినప్పుడు ఆ తేడా కంటికి కనపడుతుంది. ఆ స్థితిలో ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయినా జేపెగ్‌లో నమోదు కాని వివరాన్ని తిరిగి తీసుకురాలేదు.

అపోహ: ఉచితంగా వచ్చేవి నాసిరకం.

వాస్తవం: రా ఫైళ్లకు డార్క్‌టేబుల్, రాథెరపీ, ఫొటోషాప్ తరహా పనులకు గింప్, ఈ మూడూ ఫలితంలో చిన్నచూపు చూడవలసినవి కావు. గింప్‌కు ఒకప్పుడున్న పెద్ద లోటు, వేసిన ఫిల్టర్‌ను తర్వాత మార్చుకోలేకపోవడం. 2025లో వచ్చిన 3.0తో అది చాలావరకు తీరింది. వీటికి మీరు చెల్లించేది సమయం రూపంలో. డార్క్‌టేబుల్‌లో ఒకే పనికి మూడు నాలుగు మాడ్యూళ్లు, అంటే వేర్వేరు పనిముట్ల విభాగాలు, కనపడతాయి. ఏది ముందు వాడాలో తెలియడానికి కొన్ని వారాలు కూర్చోవాలి. ఆ కూర్చోవడం ఇష్టమైతే ఇంతకంటే మంచి బడి లేదు. ఆదివారం సాయంత్రం గంటసేపు మాత్రమే తీరిక ఉంటే, డబ్బు పెట్టి సులువైనది కొనుక్కోవడంలో తప్పేం లేదు.

అపోహ: నచ్చకపోతే తర్వాత వేరేదానికి మారిపోవచ్చు.

వాస్తవం: ఎంపికలో అన్నిటికంటే ముందు ఆలోచించవలసింది ఇదే. దురదృష్టవశాత్తు చివర్లో కూడా ఎవరూ ఆలోచించరు. మీ ఫొటోలు మీతో వస్తాయి. మీ ఎడిట్లు రావు. లైట్‌రూమ్ క్లాసిక్ తన మార్పులన్నీ కేటలాగ్ అనే ఫైల్‌లో దాచుకుంటుంది. అడిగితే ఫొటో పక్కన ఎక్స్ఎంపీ అనే చిన్న సూచనల ఫైళ్లలో కూడా రాస్తుంది. డార్క్‌టేబుల్ కూడా ఎక్స్ఎంపీలే రాస్తుంది. పేరు ఒకటే కదా అని మోసపోకండి. స్టార్ రేటింగులు, కీవర్డులు ఒకదాన్నుంచి ఇంకోదానికి బాగానే చేరతాయి. కానీ ఎక్స్‌పోజర్, రంగులు, మాస్కులు (ఫొటోలో ఒక భాగానికే సవరణ వేసే ఎంపికలు) ఒక్కో సాఫ్ట్‌వేర్‌కు ఒక్కో భాష. మహా అయితే అరకొరగా కొంచెం దిగుమతి అవుతుంది, అంతే.

ఆపిల్ వాళ్ల అపర్చర్‌ను నమ్ముకున్నవాళ్లకు ఇది గట్టిగా తగిలింది. 2005లో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ అభివృద్ధిని ఆపేస్తున్నట్టు 2014లో ప్రకటించారు. 2019లో వచ్చిన మాక్ ఓఎస్ కేటలినా నుంచి అది అసలు నడవదు. వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు మారినవాళ్లకు, ఏళ్ల తరబడి చేసిన సవరణల్లో ఫొటోలుగా ఎక్స్‌పోర్ట్ చేసుకున్నవే నికరంగా మిగిలాయి.

అందుకే నా విద్యార్థులకు ఒక అలవాటు పట్టుబట్టి నేర్పుతాను. ఒక విడత ఎడిటింగ్ పూర్తవగానే నచ్చిన ఫొటోలను పూర్తి సైజు జేపెగ్‌లుగానో, ఎక్కువ వివరం దాచుకునే 16 బిట్ల టిఫ్ ఫైళ్లుగానో ఎక్స్‌పోర్ట్ చేసి, రా ఫైళ్ల పక్కనే ఉంచండి. ఫోల్డర్లకు తేదీ, సందర్భం కలిపి పేర్లు పెట్టండి. రేపు ఏ కంపెనీ ఏం చేసినా మీ పని మీ దగ్గరే ఉంటుంది. ఇంకో జాగ్రత్త: కేటలాగ్ వాడేవాళ్లు ఫోల్డర్లను దాని లోపలి నుంచే కదపాలి. ఒకసారి నేను బయట నుంచి ఫోల్డర్ల పేర్లు మార్చేశాను. మళ్లీ తెరిచేసరికి ప్రతి ఫోల్డర్ పక్కనా ప్రశ్నార్థకం. ఒక్కొక్కదాన్నీ వెతికి కలుపుకోవడానికి రెండు రోజులు పట్టింది.

లైట్‌రూమ్, ఫొటోషాప్‌లకు కట్టే చందా గురించీ ఇక్కడే చెప్పాలి. చందా ఆగిపోతే అన్నీ పోతాయన్నది పూర్తి నిజం కాదు. లైట్‌రూమ్ క్లాసిక్‌లో కేటలాగ్ తెరవచ్చు, ఎక్స్‌పోర్ట్ కూడా చేసుకోవచ్చు. సవరణలు చేసే డెవలప్ మాడ్యూల్ మాత్రం పనిచెయ్యదు. ఫొటోషాప్ అలా కాదు, మొత్తం ఆగిపోతుంది.

అపోహ: ఒకసారి కొనేస్తే జీవితాంతం సరిపోతుంది.

వాస్తవం: కొత్త కెమెరా కొనేదాకా. చందా లేకుండా ఒకేసారి కొనుక్కునే పద్ధతిలో అమ్మిన లైట్‌రూమ్ 6కు చివరి అప్‌డేట్ 2017 డిసెంబర్‌లో వచ్చింది. ఆ తర్వాత విడుదలైన కెమెరాల రా ఫైళ్లు దానికి తెలియవు. అడోబీ ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టర్‌తో వాటిని డీఎన్‌జీ అనే ఉమ్మడి రా పద్ధతిలోకి మార్చి తెరవడమొక్కటే దారి.

అపోహ: ఏఐ ఉన్నది కొంటే చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుంది.

వాస్తవం: నాయిస్, అంటే ఫొటో మీద కనపడే గరుకు చుక్కలు, తొలగించే కొత్త ఏఐ పద్ధతులు నిజంగా గొప్పవి. తక్కువ వెలుతురులో తీసి పక్కన పడేసిన పాత ఫొటోలను వాటితో తిరిగి బతికించుకున్నాను. కాకపోతే అవి గ్రాఫిక్స్ కార్డు మీద బాగా భారం వేస్తాయి. ఒక కంప్యూటర్‌లో సెకన్లలో అయ్యే ఫొటో ఇంకోదాంట్లో నిమిషాలు తీసుకుంటుంది. మీ కంప్యూటర్‌లో చూసుకోకుండా కొనకండి. ప్రీసెట్లు, అంటే ఒక్క నొక్కుతో వేసుకునే ముందే తయారైన సవరణలు, వాటి సంగతి ఇంకా చిన్నది. ఎవరో సాయంత్రపు ఎండలో తీసిన ఫొటోకు కుదిరిన రంగులు, ట్యూబ్‌లైటు కింద తీసిన మీ ఫొటోకు కుదరవు.

అపోహ: ప్రింట్ చీకటిగా వచ్చిందంటే సాఫ్ట్‌వేర్ మంచిది కాదు.

వాస్తవం: చాలాసార్లు కారణం స్క్రీన్ బ్రైట్‌నెస్ మరీ ఎక్కువగా ఉండడం. అది తగ్గించి, ఎస్ఆర్‌జీబీ అనే మామూలు రంగుల పద్ధతిలో ఎక్స్‌పోర్ట్ చేసి, ఒక చిన్న ప్రింట్ తీయించి స్క్రీన్ పక్కన పెట్టి చూడండి. వీలైతే స్క్రీన్ రంగుల్ని కొలిచి సరిచేసే కాలిబ్రేటర్ అరువు తెచ్చుకోండి.

ఇక ట్రయల్ వేసుకునేటప్పుడు, వాళ్లిచ్చే నమూనా ఫొటోలు తెరవకండి. మీరు కిందటిసారి తీసిన ఫోల్డర్ మొత్తాన్నీ అందులో వెయ్యండి. ఏరడం దగ్గర్నుంచి ఎక్స్‌పోర్ట్ దాకా ఒక్క ఫోల్డర్ పూర్తి చెయ్యండి. తర్వాత వారం ఆగి, అదే సాఫ్ట్‌వేర్‌లో ఫలానా ఫొటో ఎక్కడుందో వెతకండి. తీసిన తేదీ గుర్తులేకపోయినా అది మీకు దొరుకుతోందా?