వోల్టులు దారిలో ఎక్కడ పోతున్నాయి?

ఒక పాఠకుడు రాశారు: "నా కారు పాతది. ఆల్టర్నేటర్ దగ్గర మీటరు పెడితే 14.4 వోల్టులు, బ్యాటరీ దగ్గర పెడితే 13.1 చూపిస్తోంది. బ్యాటరీ కొత్తదే, అయినా దిగిపోతోంది. ఆల్టర్నేటర్ మార్చమంటున్నారు. మార్చాలా?"

తొందరపడకండి. జవాబు ఆ రెండు అంకెల్లోనే ఉంది. ఇంజన్ తిప్పగా కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ దగ్గర తయారవుతున్నది 14.4, బ్యాటరీకి చేరుతున్నది 13.1. మధ్యలో 1.3 వోల్టులు ఎక్కడో ఖర్చవుతున్నాయి. ఆ చోటు పట్టుకోవాలి.

బడిలో సర్క్యూట్ గీయించేటప్పుడు వైరు రెసిస్టెన్స్ సున్నా అనుకోమంటారు. లెక్క తేలికవుతుంది, నిజమే. కానీ పాత కారులో రోగమంతా ఆ సున్నాలోనే ఉంటుంది. తుప్పు పట్టిన బోల్టు, వదులైన నట్టు, ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీలో (కరెంటు తిరిగివచ్చే దారి) తెగిన పోగులు, వీటన్నిటికీ కాస్త కాస్త రెసిస్టెన్స్ ఉంటుంది. ఆ వైర్లలో 30 ఆంపియర్లు పారుతున్నాయనుకుందాం. 1.3 వోల్టులు పోవడానికి ఒక ఓమ్‌లో ఇరవయ్యో వంతు కూడా అక్కర్లేదు, 0.043 ఓమ్ చాలు. అక్కడ 39 వాట్ల వేడి పుడుతుంది. అదంతా ఒక్క జాయింట్‌లోనే అయితే చెయ్యి పెడితే చుర్రుమంటుంది.

మరి మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి చూస్తే దొరకదా? దొరకదు. మీటరు వైర్లకే 0.1, 0.2 ఓమ్‌లు ఉంటాయి. పైగా ఇంజన్ ఆపి కొలిస్తే ఆ జాయింట్ గుండా కరెంటు పారడం లేదు. పారనప్పుడు దాని తప్పు బయటపడదు. ఇంజన్ ఆపి వోల్టులు చూసినా అంతే. మామూలు డిజిటల్ మీటరు వోల్టులు చూడటానికి తీసుకునే కరెంటు మైక్రో ఆంపియర్లలో ఉంటుంది. కేబుల్‌లో ఒక్క పోగు మిగిలినా నిండు బ్యాటరీకి ఉండే 12.6 వోల్టులూ చూపిస్తుంది. సెల్ఫ్ కొట్టగానే ఆ 12.6 మాయమవుతుంది.

అందుకే ఇంజన్ నడుస్తుండగా, హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి కొలవాలి. మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక ముల్లు (మీటరు వైరు కొస) ఆల్టర్నేటర్ అవుట్‌పుట్ బోల్టుకి, రెండోది బ్యాటరీ పాజిటివ్‌కి ఆనించండి. మీటరు చూపేది దారిలో పోయిన వోల్టులనే! సుమారు 0.2 దాటితే ఆ దారి బాగోలేనట్టే. తర్వాత ఆల్టర్నేటర్ ఒంటికి ఒక ముల్లు, బ్యాటరీ నెగటివ్‌కి ఒకటి. చాలామంది ఈ రెండో కొలత చూడరు. నాకైతే ముందు అనుమానం దాని మీదే, పాత కార్లలో ఎర్త్ వైపు ఎవరూ విప్పి శుభ్రం చేయరు కాబట్టి.

ముల్లు ఎక్కడ ఆనించారన్నది ముఖ్యం. బ్యాటరీ మీద సీసపు గుబ్బ ఉంటుంది, దాన్ని పట్టుకుని క్లాంపు ఉంటుంది. ఒక ముల్లు గుబ్బ నడినెత్తిన, రెండోది సెంటీమీటరు పక్కన క్లాంపు మీద పెట్టి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 150 ఆంపియర్లు లాగుతున్నప్పుడు అక్కడే 0.6 వోల్టులు కనబడితే, ఆ సెంటీమీటరులో 90 వాట్లు కాలిపోతున్నాయన్నమాట. విప్పి చూస్తే గుబ్బ చుట్టూ నల్లటి పొర కనిపిస్తుంది. గీకి బిగిస్తే చాలు.

ఇదే లోపం వేరే వైరులో ఉంటే కథ తలకిందులవుతుంది. కొన్ని పాత కార్లలో ఆల్టర్నేటర్ వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్, బ్యాటరీ వోల్టేజిని ఇగ్నిషన్ స్విచ్ మీదుగా వచ్చే సన్న వైరు ద్వారా చూస్తుంది. ఆ స్విచ్ అరిగి 0.8 వోల్టులు పోతే, బ్యాటరీలో 14.2 ఉన్నా రెగ్యులేటర్‌కి 13.4 అనే తెలుస్తుంది. అది రోటర్‌కి (ఆల్టర్నేటర్‌లో తిరిగే విద్యుదయస్కాంతం) కరెంటు పెంచుతుంది, తనకి 14.2 కనబడేదాకా. అప్పటికి బ్యాటరీ మీద 15 ఉంటుంది. నీళ్లు త్వరగా ఇంకిపోతాయి, కుళ్లిన గుడ్డు వాసన రావచ్చు. ఇక్కడ తప్పు రెగ్యులేటర్‌ది కాదు.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టర్మినల్ పీకి, ఇంజన్ ఆగకపోతే ఆల్టర్నేటర్ మంచిదని తేల్చే పరీక్ష ఒకటుంది. దయచేసి చేయకండి. పుట్టే కరెంటును మింగే బ్యాటరీ హఠాత్తుగా పోతే, రోటర్‌లోని అయస్కాంతం అంత వేగంగా తగ్గలేదు. వోల్టేజి క్షణంపాటు పదుల వోల్టులు ఎగురుతుంది. డయోడ్లు, ఇతర ఎలక్ట్రానిక్స్ పోవచ్చు. అంతా చేసి, ఆ పరీక్ష దారిలో పోయే 1.3 వోల్టుల గురించి ఏమీ చెప్పదు.

డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి బ్యాటరీ దీపాన్ని మాత్రం గమనించండి. చాలా పాత కార్లలో దానికి ఒక కొస బ్యాటరీ వైపు, రెండో కొస ఆల్టర్నేటర్ వైపు ఉంటుంది. రెండు వైపులా వోల్టేజి సమానమైతే ఆరిపోతుంది. పూర్తిగా ఆరకుండా మినుకుమంటుంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. దాని గుండా వచ్చే కొద్ది కరెంటే మొదట రోటర్‌ని మేల్కొలుపుతుంది కూడా. తాళం తిప్పగానే, ఇంజన్ స్టార్ట్ చేయకముందే అది వెలగాలి. వెలగకపోతే ముందు ఆ బల్బు చూడండి, ఆల్టర్నేటర్ సంగతి తర్వాత.