జావా డెడ్ అంట కదా అన్నా? (కొన్ని అపోహలు, వాస్తవాలు)

ఈ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. మొన్న ఒక తమ్ముడు అమీర్‌పేటలో కోర్సుకి ఫీజు కట్టేసి రాత్రంతా నిద్ర లేదంటాడు. తమ్ముడూ, 1995లో వచ్చిన జావా లాంగ్వేజ్‌కి 2023లో 21వ వెర్షన్‌లో వర్చువల్ థ్రెడ్స్ (ఒకేసారి బోలెడు పనులు తేలిగ్గా నడిపే ఫీచర్) ఇచ్చారు, చచ్చినదానికి ఎవరూ అంత కష్టపడరు. ఈ పుకార్లు పుట్టించేది యూట్యూబ్ థంబ్‌నెయిల్స్, భయపడేది అప్పు చేసి చదివిన పిల్లలు.

అపోహ: కొత్త ప్రాజెక్ట్ అంటే స్టాక్ (వాడే లాంగ్వేజ్, డేటాబేస్, టూల్స్) మొత్తం కొత్తదే ఉండాలి.

డబ్బులు పోయేది ఇక్కడే. డెమో రోజు అన్నీ బాగానే ఉంటాయి, రాత్రి రెండింటికి ప్రొడక్షన్ (యూజర్లు వాడే అసలు సిస్టమ్) పడిపోయినప్పుడు చూడాలి. పోస్ట్‌గ్రెస్ లాంటి పాత డేటాబేస్‌లో "డెడ్‌లాక్ డిటెక్టెడ్" (రెండు పనులు ఒకదానికోసం ఒకటి ఆగి ఇరుక్కున్నాయి) అని వస్తే సెర్చ్ చేయగానే ఎవరో ఎప్పుడో ఇదే తిప్పలు పడి ఆన్సర్ రాసి ఉంటారు, నిన్నమొన్నటి డేటాబేస్ అయితే దాని కోడ్ ఉండే గిట్‌హబ్ సైట్‌లో ఇంకా తేలని ఓపెన్ ఇష్యూ, కింద "నాకూ ఇదే ప్రాబ్లెమ్" అని కామెంట్లు, అంతే.

ఒక టీమ్‌కి హెల్ప్ చేయడానికి వెళ్లా. ఆర్డర్లు ఒక డేటాబేస్‌లో, పేమెంట్లు ఇంకోదాంట్లో, మధ్యలో మెసేజ్ క్యూ (పనుల్ని వరుసలో పెట్టి ఒకచోటి నుంచి ఇంకోచోటికి అందించేది), యూజర్లు చూస్తే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో ఉన్నంత మంది. డబ్బు కట్ అవుతుంది, ఆర్డర్ ఉండదు, సపోర్ట్‌లో ఒకమ్మాయి ఎక్సెల్ పెట్టుకుని రెండువైపులా ట్రాన్సాక్షన్ ఐడీలు ఒక్కొక్కటే కలిపి చూసుకుంటోంది పాపం. రెండు టేబుల్సూ ఒకే పోస్ట్‌గ్రెస్‌లోకి తెచ్చి ఒకే ట్రాన్సాక్షన్‌లో (జరిగితే రెండూ జరుగుతాయి, లేదంటే ఏదీ జరగదు) పెట్టించా, క్యూ కూడా అందులోనే ఒక టేబుల్, స్కిప్ లాక్డ్‌తో (ఇంకొకరు పట్టుకున్న పనిని వదిలి తర్వాతది తీసుకునే పద్ధతి) నడుస్తుంది. మరి జేసన్ (టేబుల్‌లో ఇమడని డేటా రాసే ఫార్మాట్) ఎలా అని టీమ్ వాళ్లు అడిగారు, పోస్ట్‌గ్రెస్‌లో దానికోసం 2014 నుంచే జేసన్‌బీ ఉంది కదా!

అలాగని కొత్తది వద్దని కాదు. వాళ్ల యాప్‌లో తెలుగులో మాట్లాడి ఆర్డర్ పెట్టొచ్చు, దానికి కొత్త స్పీచ్ మోడలే వాడారు, వాడాల్సిందే, పాతదానికి మన యాస ఎక్కలేదు. అది పడిపోయినా టైప్ చేసి ఆర్డర్ పెట్టుకుంటారు, డబ్బు లెక్క చెడదు.

అపోహ: పాతదైతే సేఫ్. కాదు. లాగ్‌ఫోర్‌జేలో (జావా ప్రోగ్రామ్‌ల లాగ్స్ రాసే లైబ్రరీ) 2013 నుంచి ఉన్న సెక్యూరిటీ హోల్ 2021 డిసెంబర్‌లో బయటపడింది. వెబ్ పేజీలు కట్టే యాంగ్యులర్‌జేఎస్‌కైతే అదే నెలాఖరున సపోర్టే ఆపేశారు. అప్‌డేట్స్ వస్తున్నాయా లేదా చూసుకోండి.

అపోహ: మైక్రోసర్వీసెస్ (యాప్‌ని విడివిడి చిన్న ప్రోగ్రామ్‌లుగా కట్టడం) లేకపోతే యూజర్లు పెరిగితే తట్టుకోదు, అంటే స్కేల్ కాదు. ఐదుగురు టీమ్‌కి ఎందుకండీ అవి.

అపోహ: రెజ్యూమేలో కొత్త పేర్లు లేకపోతే కాల్ రాదు. కొంత నిజమే, అబద్ధం చెప్పను. దానికి వీకెండ్‌లో సొంత ప్రాజెక్ట్ ఏదైనా చేసుకోండి, కంపెనీ పేమెంట్ల మీద మాత్రం ప్రాక్టీస్ చేయకండి.