పూలుంటే సరిపోదు, ఆకు కావాలి

రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం... డెల్టాలో ఏ టౌను చూసినా వరిచేల మీదకి పెరుగుతోంది. చేను మెరక చేసి, గ్రావెల్ తోలి లేఅవుట్ వేస్తారు. మధ్యలో పార్కు, అందులో రంగురంగుల పూలమొక్కలు. ఇన్ని పూలుండగా సీతాకోకచిలుకలకి ఏం లోటు అనిపిస్తుంది.

రెక్కలొచ్చాక చాలా రకాలు దొరికిన పువ్వు మీద వాలి తేనె తాగుతాయి. గొంగళిపురుగుకి అలా కుదరదు. ఒక్కో జాతికి కొన్ని మొక్కల ఆకులే తిండి, తల్లి వెతుక్కుంటూ వెళ్లి వాటిమీదే గుడ్లు పెడుతుంది. నారింజ రంగు ప్లెయిన్ టైగర్‌కి జిల్లేడు కావాలి. జిల్లేడు పాలలోని విషాన్ని పురుగు ఒంట్లో దాచుకుంటుంది, రెక్కలొచ్చాక కూడా అది పోదు. అందుకే పిట్టలు దాని జోలికి వెళ్లవు. స్థలం శుభ్రం చేయాలనగానే జేసీబీ ముందు పీకేసేది ఆ జిల్లేడునే! నల్ల రెక్కలు, ఎర్రటి ఒళ్లు ఉండే క్రిమ్సన్ రోజ్‌కి ఇంకా కష్టం. దాని పిల్లలకి ఈశ్వరి తీగ, గాడిదగడపాకు కుటుంబం మొక్కలే దిక్కు. వాటిని కుండీల్లో పెంచేవాళ్లు ఎవరున్నారు?

మనం తెలియకుండానే పెంచుతున్నవీ ఉన్నాయి. కరివేపాకు మీద లైమ్ బటర్‌ఫ్లై, కామన్ మార్మన్ గుడ్లు పెడతాయి. లేత పురుగు అచ్చం పిట్టరెట్టలాగే ఉంటుంది. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. వేలితో తాకి చూడండి, తల వెనక నుంచి ఎర్రటి చీలిన కొమ్ము బయటికొస్తుంది, గుప్పున ఘాటు వాసన. కాసేపటికి మళ్లీ లోపలికి పోతుంది. నాలుగు ఆకులు తిన్నా సరే, దయచేసి దాన్ని నలిపేయకండి. కాంపౌండు గోడల వెంట నిటారుగా పెరిగే అశోక చెట్లు టెయిల్డ్ జే అనే ఇంకో రకం సీతాకోకచిలుకని బతికిస్తున్నాయి.

అందుకే టౌన్లో సీతాకోకచిలుకలు బాగానే కనిపిస్తాయి, రకాలు మాత్రం తగ్గిపోతాయి. ఒకట్రెండు మొక్కలనే నమ్ముకున్నవి ముందు పోతాయి, సర్దుకోగలిగినవి మిగులుతాయి. ప్రపంచంలో చాలా నగరాల్లో జరుగుతున్నది ఇదే.

డెల్టాకి మాత్రం ఇంకో ఆధారం ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పల్లెల్నీ టౌన్లనీ కలుపుతూ కాలవలు అల్లుకున్నాయి. గట్ల మీది కలుపుమొక్కలే గొంగళిపురుగులకి తిండి. ఒడ్డున తడిమట్టిలోంచి మగవి ఉప్పు పీల్చుకుంటాయి, జతకట్టేటప్పుడు దాన్ని ఆడదానికి అందిస్తాయి. గట్టుకి సిమెంటు చేస్తే ఈ రెండూ ఒకేసారి పోతాయి. గడ్డిమందు కొట్టకుండా కంచె పక్కన ఒక బారు జిల్లేడు వదిలేసినా చాలు. గుడ్డు నుంచి రెక్కల దాకా ప్లెయిన్ టైగర్‌కి నెలరోజులు కూడా పట్టదు.