‘ప్రాణం మీదికొస్తే కాల్చినా’: ఆ ఒక్క మాట వెనక కథ

కడపలో కోర్టుకు నాలుగడుగుల దూరంలో ఒక టీ కొట్టు ఉంది. వాయిదాకు వచ్చిన పల్లెల జనం పొద్దున పదింటి లోపు అక్కడే తేలుతారు. మొన్న అక్కడ పెద్ద వాదన. పొలం గట్టు తగాదాలో లైసెన్సు తుపాకీ పేలి ఒక మనిషి పోయిన కేసు అది, విచారణ ఇంకా నడుస్తోంది కాబట్టి ఊరూ పేర్లూ రాయను. ‘వాళ్లు కొడవళ్లతో మీదికొచ్చినారు, కాల్చకపోతే నేనే పోయేవాణ్ణి’ అని కాల్చినాయన మాట. ‘మావోడు మడికి నీళ్లు కట్టడానికి పోయినాడు, చేతిలో పార తప్ప ఏం లేదు, అదీ వెనక్కి తిరిగినాక కాల్చినారు’ అని పోయినాయన వైపు వాళ్ల మాట.

అక్కడ ఒక వకీలు గుమాస్తా ఉన్నాడు, ముప్పై ఏళ్లుగా కోర్టు వరండాలు అరగదీసిన మనిషి. ఖాళీ టీ గ్లాసులు రెండు బల్ల మీద పెట్టాడు. ఇది కాల్చినాయన, ఇది పోయినాయన, మధ్యలో బిస్కెట్టు ఉంది చూడు, అది గట్టు. ‘ఇప్పుడు చెప్పండి, ఈ గ్లాసుకూ ఆ గ్లాసుకూ దూరమెంత?’ అన్నాడు. ఒక్కరూ నోరెత్తలేదు. తాతల కాలంలో ఎవరు ఎవరి వామికి నిప్పు పెట్టిందీ అందరికీ నోటికొచ్చు. తుపాకీ పేలినప్పుడు ఇద్దరి మధ్య ఎన్ని అడుగులున్నాయో మాత్రం ఎవరికీ తెలీదు.

కోర్టు అడిగేది ఆ అడుగుల లెక్కే. ఎందుకట్లా అంటే కొంచెం వెనక్కి పోవాలి.

1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి అప్పజెప్పేనాటికి ఇక్కడ పాలెగాళ్లకు కోటలూ పటాలాలూ ఉండేవి. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఏడేళ్లలో వాళ్లను అణచేశాడు. 1837లో మెకాలే బృందం శిక్షాస్మృతి ముసాయిదా రాసినప్పుడు ఆత్మరక్షణ గురించి ఒక వివరణ పెట్టింది. ఈ దేశపు జనం దెబ్బలు తిని ఊరకుంటున్నారు, ఎదురు నిలబడే పౌరుషం వాళ్లలో పెంచాలి కాబట్టి ఈ హక్కుకు మరీ సంకెళ్లు వేయడం లేదు అని దాని సారాంశం. ఆ చట్టం 1860లో వచ్చి 1862 జనవరి 1 నుంచి అమలైంది. మధ్యలో 1857 తిరుగుబాటు చూసి జడుసుకున్న ఆ దొరలే 1878లో ఆయుధాల చట్టం తెచ్చి లైసెన్సు లేనిదే తుపాకీ ముట్టకూడదన్నారు, తెల్లవాళ్లకు మాత్రం మినహాయింపు ఇచ్చుకున్నారు. నిన్ను నువ్వు కాపాడుకోరా అని చెప్పి చేతిలో కర్ర గుంజుకున్నట్టు.

స్వాతంత్ర్యం వచ్చాక 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చింది. 2019 సవరణతో ఒక మనిషి దగ్గర ఉండదగ్గ తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. సీమలో లైసెన్సు తుపాకీ అంటే కొంత భయం, కొంత దర్పం. మా పెదనాయనకు ఒక 12 బోరు డబుల్ బ్యారెల్ ఉండేది. ఎలక్షన్లు వచ్చిన ప్రతిసారీ దాన్ని గోనెపట్టాలో చుట్టుకుని స్టేషన్లో డిపాజిట్ చేసి రావాలి, వాళ్లు గొట్టానికి పేరు రాసిన అట్టముక్క దారంతో కట్టి మూలన నిలబెట్టేవాళ్లు, ఆ మూలన అట్లాంటివి వరసగా ఉండేవి, ఒకరి మొహం ఒకరు చూడని రెండు వర్గాల తుపాకులూ అక్కడ భుజం భుజం ఆనించుకుని ఉండేవి. ఆయన జీవితమంతా దాన్ని వాడింది శనగ చేలో అడవి పందులను బెదిరించడానికే.

సరే, చట్టం ఏమంటుంది? ఆ 1860 నాటి శిక్షాస్మృతి, అదే పాత ఐపీసీలో 96 నుంచి 106 దాకా సెక్షన్లు, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవే 34 నుంచి 44. అంకెలు మారాయి గానీ సారం దాదాపు అదే. ఎదుటివాడు చంపుతాడనో, తీవ్రంగా గాయపరుస్తాడనో సబబైన భయం ఉంటే, ప్రాణం తీసేదాకా వెళ్లే హక్కు ఉంది. దెబ్బ పడేదాకా ఆగక్కర్లేదు. పారిపోయి తీరాలని కూడా లేదు, పిరికివాడిలా వెన్ను చూపమని చట్టం చెప్పదని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. అయితే పోలీసుల దగ్గరికి పోయేంత వ్యవధి ఉంటే ఆ హక్కు లేదు. అవసరానికి మించి హాని చేయకూడదు. అన్నింటికన్నా ముఖ్యం, భయంతో పుట్టిన హక్కు ఆ భయం తీరగానే పోతుంది. మొదటి తూటాకు ఆత్మరక్షణ వర్తించి, అవతలివాడు కింద పడ్డాక పేల్చిన రెండో తూటాకు వర్తించకపోవచ్చు. మంచి ఉద్దేశంతోనే హద్దు దాటాడని తేలితే అది హత్య కాదు, హత్య కిందికి రాని నరహత్య అవుతుంది, శిక్ష తగ్గుతుంది. టీ కొట్లలో హత్యకూ విడుదలకూ నడుమ ఉన్న ఈ గది గుర్తుండదు, అయితే ఉరి లేకుంటే విడుదల అన్నట్టే మాట్లాడతారు.

రుజువు భారం ఎవరిది? 1872 సాక్ష్య చట్టంలోని 105వ సెక్షన్ ప్రకారం (ఇప్పుడది కొత్త సాక్ష్య చట్టంలో 108) ఆత్మరక్షణ అని చెప్పుకునేవాడే దాన్ని చూపించాలి. అయితే ప్రాసిక్యూషన్ లాగా అనుమానానికి తావు లేకుండా కాదు, అట్లా జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందనిపిస్తే చాలు. బోనెక్కి నోరు విప్పాల్సిన పని కూడా లేదు, ప్రాసిక్యూషన్ సాక్షులను క్రాస్ చేసి రాబట్టుకోవచ్చు.

తుపాకీ కేసుల్లో సాక్ష్యం మీద ఈ దేశం మొత్తం వాదించుకున్న మొదటి పెద్ద సందర్భం నానావతి కేసు. 1959 ఏప్రిల్ 27న బొంబాయిలో నేవీ కమాండర్ నానావతి, తన భార్యతో సంబంధం ఉన్న ప్రేమ్ ఆహూజాను కాల్చాడు. ఆహూజా రివాల్వర్ మీద చేయి వేయబోతే పెనుగులాటలో అది పేలిందని ఆయన వాదన. జ్యూరీ 8–1తో నిర్దోషి అంది. జడ్జి ఆ తీర్పు ఒప్పుకోక హైకోర్టుకు పంపితే, అక్కడ ఒక టవల్ అడ్డం తిరిగింది. స్నానం చేసి వచ్చిన ఆహూజా నడుముకు చుట్టుకున్న టవల్ శవం మీద ఊడకుండా అట్లాగే ఉంది. ఇద్దరు మగాళ్లు రివాల్వర్ కోసం పెనుగులాడితే, అందులో మూడు తూటాలు పేలితే, టవల్ ముడి నిలుస్తుందా? 1961లో సుప్రీంకోర్టు కూడా హత్యే అంది. మెడల్స్, ప్రేమ, పరువు, పత్రికల హడావుడి అన్నీ ఉన్న కేసులో అన్నేసి మాటల మధ్య ఒక తువ్వాలు గట్టిగా నిలబడింది, నాకు ఇప్పటికీ తమాషాగానే ఉంటుంది.

మన దగ్గర పరిస్థితి వేరు. ఇక్కడ ఒక కేసు ఉండదు, కేసూ కౌంటర్ కేసూ ఉంటాయి. గొడవ ముగిసిన గంటలోపు రెండు వర్గాలూ స్టేషన్‌కు, లేదంటే పెద్దాసుపత్రికి చేరి ‘మేమేం చేయలేదు, వాళ్లే మీద పడినారు’ అని రాయిస్తాయి. ఇది నిన్నటి అలవాటు కాదు. 1929లోనే గోరిపర్తి కృష్టమ్మ కేసులో మద్రాసు హైకోర్టు, ఒకే గొడవలోంచి పుట్టిన రెండు కేసులనూ వీలైనంతవరకు ఒకే కోర్టు విచారించాలని చెప్పింది, ఎందుకంటే ప్రతి వర్గమూ తానే అమాయకుణ్ణని కథ చెబుతుంది. తర్వాత సుప్రీంకోర్టు తీర్పుల్లోనూ ఆ పాత మాట కనిపిస్తుంది. సాక్షులంతా ఏదో ఒక వర్గం వాళ్లే అయినంత మాత్రాన కోర్టు వాళ్ల మాటలు చెత్తబుట్టలో వేయదు, తాలూ గింజా చెరుగుతుంది. ఇంకో సంగతి, కాల్చినాయన ఒంటి మీద గాయాలున్నాయా, ఉంటే ప్రాసిక్యూషన్ వాటికి ఏం వివరణ ఇచ్చింది అన్నది చూస్తుంది. 1976లో లక్ష్మీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే చెప్పింది, అవతలి మనిషి గాయాలను దాచిపెట్టే సాక్షి అసలు కథను దాస్తున్నాడని అనుమానించొచ్చు.

ఇక శరీరం మాట్లాడే భాష. మరీ దగ్గర నుంచి కాలిస్తే గాయం చుట్టూ చర్మం కమిలి, పొగ మసి అంటుతుంది. ఇంకొంచెం దూరమైతే మసి ఉండదు, కాలని మందు రవ్వలు పచ్చబొట్టు చుక్కల్లా దిగుతాయి. అదీ దాటితే ఏమీ ఉండవు. 12 బోరులో ఇంకో ఆధారం ఉంది, తూటాలో మందుకూ పెల్లెట్లకూ, అంటే చిన్న గుండ్లకూ, మధ్య ఉండే అట్ట బిళ్ల, దాన్నే వాడ్ అంటారు. బాగా దగ్గరైతే అది కూడా పెల్లెట్లతో పాటు గాయంలోకి పోతుంది. దూరం పెరిగేకొద్దీ పెల్లెట్లు చెదురుతాయి. వీపు మీద గాయం కనబడగానే ‘పారిపోతున్నవాణ్ణి కాల్చినారు’ అని తీర్పు ఇచ్చేస్తారు జనం, కానీ ట్రిగ్గర్ నొక్కే లోపల మనిషి గిర్రున తిరగొచ్చు. అట్లాగని వీపు గాయాన్ని తేలిగ్గా తీసేయడానికీ లేదు.

టీ కొట్టులో ఒక పిల్లోడు, వాళ్లన్న డల్లాస్‌లో ఉంటాడు, ‘అమెరికాలో అయితే ఊరికే వదిలేస్తారు’ అన్నాడు. అంత సులువేం కాదు. ఫ్లోరిడాలో 2005లో, వెనక్కి తగ్గకుండా నిలబడి ఎదిరించే హక్కు చట్టం వచ్చిన మాట నిజమే. 2012 ఫిబ్రవరి 26న అక్కడి శాన్‌ఫర్డ్‌లో జిమ్మర్‌మన్ అనే ఆయన, ట్రేవాన్ మార్టిన్ అనే 17 ఏళ్ల నిరాయుధుడైన పిల్లాణ్ణి కాల్చాడు. విచారణలో వాదన నడిచింది ఇవే చిన్న చిన్న విషయాల మీద: కాల్చినాయన తల వెనక గాట్లు, ముక్కు దెబ్బ, ఒకే ఒక్క తూటా, ఫోన్ రికార్డింగులో వినబడిన కేక ఎవరిది. ఇద్దరి తల్లులూ అది మా బిడ్డ గొంతేనన్నారు. 2013 జులైలో జ్యూరీ నిర్దోషి అని తేల్చింది, వాదన మాత్రం ఇప్పటికీ ఆగలేదు.

కాల్చింది పోలీసులైతే? అదే మాట, ‘ఆత్మరక్షణ కోసం కాల్పులు’. ఎన్‌కౌంటర్లపై జాతీయ మానవ హక్కుల కమిషన్ 1997లో మార్గదర్శకాలు పంపింది, దానికి మొదలు మన రాష్ట్రం నుంచి వెళ్లిన ఫిర్యాదులే. 2009 ఫిబ్రవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం, ముందు కేసు పెట్టండి, ఆత్మరక్షణో కాదో విచారణలో తేలుతుంది అంది. అది సుప్రీంకోర్టు దాకా పోయింది. 2014లో సుప్రీంకోర్టే వేరే కేసులో 16 మార్గదర్శకాలిచ్చింది. ఏడాది తిరక్కుండానే, 2015 ఏప్రిల్ 7న మన శేషాచలంలో, చంద్రగిరి వైపు, 20 మంది తమిళనాడు కూలీలు చనిపోయారు. ఎర్రచందనం దొంగలు రాళ్లూ గొడ్డళ్లతో మీద పడ్డారని పోలీసులు, ముందే పట్టుకొచ్చి దగ్గర నుంచి కాల్చారని హక్కుల సంఘాలు. అక్కడా ప్రశ్న దూరమెంతన్నదే. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో పోయారు, వాళ్లే మా పిస్టళ్లు లాక్కున్నారని పోలీసులు చెబితే, సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ ఆ కథను నమ్మలేదు, పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలంది. ఆ వ్యవహారం తెలంగాణ హైకోర్టుకు చేరింది. ఆ రోజు పోలీసుల మీద పూలు చల్లిన చేతులు చాలా ఉన్నాయి, పొలం గట్టు కేసులో మాత్రం అవే చేతులు సాక్ష్యం ఏదని అడుగుతాయి.

టీ కొట్టులో ఆఖరికి ఎవరో అడిగారు, ‘అన్నా, పోస్టుమార్టంలో ఆ అట్ట బిళ్ల దొరికిందంటావా?’ గుమాస్తా గట్టును తీసి టీలో ముంచుకున్నాడు. ‘డాక్టరును సోమవారం పిలిచినారు’ అన్నాడు నములుతూ. లోపల బిళ్ల బంట్రోతు ఎవరి పేరో మూడోసారి కేకేస్తున్నాడు, గ్లాసులు అట్లాగే వదిలి ఫైలు చంకన పెట్టుకుని లేచాడు.